ఖాజా గొడుగు

ఆదివారం, అలంపురం సత్రం

పొద్దున నల్లగొండలో బస్సెక్కేటప్పుడు టైలర్ ఖాజా చంకలో గొడుగు చూసి నవ్విన. మబ్బు లేదు, వాన లేదు. మగ్గం నేసే నర్సింహ కూడా పని వదిలి వచ్చిండు. ముగ్గురం కలిసి ఊరు దాటక ఎన్నేండ్లయిందో.

పాత గుళ్లన్నీ తిరిగినంక, ఒక రాతి కిటికీ ముందు నన్ను కూసోబెట్టి, కాగితం పెన్సిలు చేతికిచ్చి బొమ్మ గీయమన్నరు. కుడిచెయ్యి వణుకుతున్న సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. తెలిస్తే నాకు బోర్డులు రాయమని ఎవరిస్తరు? రాసేటప్పుడు మణికట్టు ఆనించుకునే కర్రను కూడా కావాలనే ఇంట్లో వదిలి వచ్చిన, గీసే పని పడొద్దని.

"కండ్లు మండుతున్నయిరా" అన్న.

"బహానాలు బంద్ జెయ్ భాయ్" అని ఖాజా పక్కన కూసున్నడు. మూసిన గొడుగును నా కాగితానికి అడ్డంగా, అచ్చం నా కర్ర లెక్కనే పట్టుకున్నడు. నేను వాని మొఖం చూడలేదు. మణికట్టు ఆనించిన. గీత నిలబడ్డది.

నర్సింహ వెనుక నుంచి తొంగి చూసిండు. "కిటికీ మంచిగొచ్చింది. మా బొమ్మ ఏది?"

"మీరు కదులుతరు."

"మేం కదిలితే ఏమాయె, గొడుగు కదలకుంటే చాలు."

ముగ్గురం నవ్వినం. నా చెయ్యి సంగతి వీళ్లకు ఎప్పటి నుంచి తెలుసో.

ఇప్పుడు ఇద్దరూ గురక పెడుతున్నరు. గొడుగు నా సంచి మీదనే ఉన్నది. ఊరికి పోయినంక దవాఖానకు ఒక్కణ్నే పోదామనుకున్న. వీళ్లు పోనిస్తరా...