రెండు ఫోన్లు, ఒక తూము

మార్చి 9, సోమవారం

శుభారంభం!

చేను పొట్టకొచ్చింది. ఇప్పుడు తడి అందకపోతే చేతికొచ్చేది తాలే. కాలవ నీళ్లు మా తూముకి వదిలేముందు కాలవ కాపలా చూసే లష్కర్ అంజయ్య రైతులందరికీ ఒక్కో మిస్డ్ కాల్ ఇస్తాడు. ఎత్తకూడదు, అది ఆనవాయితీ. పార పట్టుకుని పరిగెత్తాలి. తూము దగ్గర మనిషి లేకపోతే నీళ్లు కింది రైతుకి పోతాయి. పోయిన వంతుకి నా పాత ఫోన్‌కి పొలంలో సిగ్నల్ లేక ఆ కాల్ రానే లేదు.

అందుకే నాకూ సిరీషకూ రెండు కొత్త ఫోన్లు. ఒకటే మోడల్. నాది నలుపు, ఆవిడది నీలం. తీరా కొన్నాక షాపు అనిల్‌కుమార్ చల్లగా చెప్పాడు.

"పేరొక్కటే గని అన్నా, లోపల మోడెం వేరే వేరే. టవర్‌ను పట్టేది గదే. ఒకదాంట్ల సిగ్నల్ మంచిగుంటది, ఒకదాంట్ల బ్యాటరీ ఆగుతది అంటున్రు."

"ఏది దేంట్లో?"

"గది నాకేం ఎర్క? వాడి చూడు."

వాడి చూస్తాను. పది రోజులు, శాస్త్రీయంగా. గెలిచిన ఫోన్ నాతో పొలానికి వస్తుంది. రీల్స్ లేవు. వీడియోలు లేవు. ఎవరు ఫోన్ చేసినా ఎత్తేది లేదు, ఎత్తితే బ్యాటరీ లెక్క పాడవుతుంది. అంజయ్య కాల్ ఎలాగూ ఎత్తేది కాదు కాబట్టి ఇబ్బంది లేదు. ఇంట్లో ఎవరూ ఈ ఫోన్లు ముట్టుకోకూడదు.

"నా ఫోన్ నేను ముట్టుకోకూడదా?" అంది సిరీష. పది రోజులే కదా అన్నాను.

మార్చి 10, మంగళవారం

పొలం గట్టు మీద నలుపుకి ఒక్క గీత. నీలానికి మూడు! సాయంత్రానికి నలుపులో బ్యాటరీ సగం పైనే ఉంది. నీలంలో పావు. ఒక్కరోజులో ఎంత విజ్ఞానం!

రీల్స్ చూడలేదు. చెయ్యి అటే లాగింది. జేబులో పెట్టుకున్నాను.

మార్చి 11, బుధవారం

నీలం ఎందుకు దిగిపోయిందో తెలిసింది. సిరీష తెనాలిలో వాళ్లక్కతో గంటసేపు మాట్లాడింది.

"ముట్టుకోలేదండీ. స్పీకర్ పెట్టి దూరంగా కూర్చున్నాను."

నిన్నటి లెక్క కొట్టేశాను. నాన్న నలుపులో కాండం తొలిచే పురుగు గురించి వీడియో చూశారు. "వ్యవసాయం వీడియో పరీక్ష కిందికి రాదురా" అన్నారు. ఇవాళ్టి లెక్కా కొట్టేశాను.

మార్చి 12, గురువారం

ఆలోచించాను. రీల్స్ చూడకుండా దాచిన బ్యాటరీ మామూలు రోజుల్లో ఎంతసేపు వస్తుందో ఎలా తెలుస్తుంది? పరీక్ష కోసం కాసేపు చూశాను. న్యాయం కాబట్టి రెండింట్లోనూ చూశాను. ట్రాక్టర్‌కి మంచం కట్టుకుని పడుకున్న మనిషి రెండింట్లోనూ ఒకేలా పడుకున్నాడు. అన్నం చల్లారిపోయింది.

"గట్టు మీద గడ్డి కొయ్యమంటే ఫోన్లు ఆరబెట్టుకుని కూర్చున్నారు" అంది సిరీష. విజ్ఞానం ఆవిడకి పట్టదు.

మార్చి 13, శుక్రవారం

రెండూ మధ్యాహ్నానికే చచ్చాయి. కరెంటు లేదు. కరెంటు లేని రోజు లెక్కలోకి రాదు.

కొత్త అనుమానం! తప్పు మోడెంది కాదేమో, సిమ్‌దేమో! సిమ్ములు అటూ ఇటూ మార్చాను. ఇప్పుడు నా సిమ్ నీలంలో, సిరీష సిమ్ నలుపులో. రేపు నలుపుని తీసుకుని ఊరు దాటి చూస్తాను. దానికి ఇంకో అవకాశం ఇవ్వాలి.

మార్చి 14, శనివారం. పిట్లం బస్టాండ్

నలుపుకి నాలుగు గీతలు! అనవసరంగా అనుమానించాను.

మోగుతోంది. స్క్రీన్ మీద "నేను" అని వచ్చింది. నా నంబరు నుంచి నాకే ఫోన్. వింతగా ఉంది గానీ నియమం నియమమే. కట్ చేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాను. మొత్తం నాలుగుసార్లు. ఒక్కసారి కూడా తడబడకుండా మోగింది. రిసెప్షన్ అద్భుతం!

అదే రోజు, ఇల్లు

సిరీష చీరకి మోకాళ్ల దాకా బురద.

అంజయ్య మిస్డ్ కాల్ ఇచ్చాడు. అది నా నంబరుకి కదా, ఇంట్లో ఉన్న నీలం ఫోన్‌కి వచ్చింది. సిరీష నా నియమం పక్కనబెట్టి ఆ ఫోన్‌తోనే నాకు చేసింది. నేను కట్ చేశాను. ఇక లాభం లేదని నాన్న చేతిలో పార లాక్కుని స్కూటీ మీద వెళ్లింది. అప్పటికే అంజయ్య నీళ్లు కిందికి మళ్లిస్తున్నాడు. బతిమాలితే కాసేపు ఆగాడు. పై మడి తడిసింది. కింది మడి తడవలేదు.

"నాలుగుసార్లు కట్ చేశారు" అంది. "మామయ్యగారికి ఏమైనా అయ్యి చేశాననుకోండి. అప్పుడూ కట్ చేసేవాళ్లేగా?"

చేసేవాణ్ణే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అన్నం పెట్టి, స్కూటీకి అంటిన బురద కడగడానికి వెళ్లిపోయింది.

మార్చి 15, ఆదివారం

కింది మడి నెర్రెలు విచ్చింది. పొట్ట మీదున్న వరి మధ్య వంగి చూస్తే నెర్రెలో వేలు దూరింది. తూము దగ్గర అంజయ్యని పట్టుకున్నాను.

"వచ్చే వంతు దాకా ఆగుద్దా అంజయ్యా?"

"ఇంకో నాలుగొద్దులే గద సాయన్నా. ఆగుతది తియ్."

"ఈసారి కాల్ వస్తే పరిగెత్తుకొస్తాను."

"నీకెందుకన్నా తిప్పలు? సిరీషక్క నంబర్ తీస్కున్న. ఇగ అక్కకే జేస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

నవ్వుతూనే అన్నాడు. నాన్న చేతిలోంచి వ్యవసాయం నాకొచ్చినప్పటి నుంచీ ఆ కాల్ నాకే వచ్చేది. చాలా బాధేసింది. ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను.

"మంచి పని చేశాడు" అన్నారు.

మార్చి 16, సోమవారం

శుభారంభం! పరీక్ష మళ్లీ మొదలు. పాత లెక్కలన్నీ రద్దు. రీల్స్ ససేమిరా లేవు.

సిమ్ములు సిరీషే మార్చి తన నీలం ఫోన్ తీసేసుకుంది. ముట్టుకుంటే ఊరుకోనంది. కాబట్టి బరిలో నలుపు ఒక్కటే.

పొద్దుటి నుంచి ఒక్క కాల్ రాలేదు. అంజయ్య నుంచి ఇక రాదు కూడా. సాయంత్రమైనా బ్యాటరీ నిండుగా ఉంది. పరీక్షకి ఇంత అనువైన పరిస్థితి ఇంతకుముందెప్పుడూ లేదు.