మూడో వరసలో కిటికీ పక్క సీటు

జూలై 12, సోమవారం

ఇవాళ రిజిస్ట్రేషన్. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి పొద్దున్నే స్నేహితురాలు నియేవెస్‌తో కలిసి లైబ్రరీకి వెళ్ళాను. పీచ్ పళ్ళ ఫ్యాక్టరీ మూసేశాక ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళం అక్కడే తేలాం. ఒక్క కంప్యూటర్ ఖాళీగా దొరికింది. నువ్వు ముందంటే నువ్వు ముందని కాసేపు వాదించుకున్నాం. దానికి కీబోర్డంటే భయం. ఏది ముట్టుకుంటే ఏం పేలుతుందో అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సర్లే అని దాని ఈమెయిల్ నేనే తయారుచేశాను, పాస్‌వర్డ్‌గా మా అమ్మాయి పేరు పెట్టాను, దాని పేరే ముందు ఎక్కించాను. కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ క్లాసు, సోమ బుధవారాలు. సీటు దొరికింది. తర్వాత నా పేరు కొడితే క్లాసు నిండిపోయిందని వచ్చింది. దానికి దొరికిందే ఆఖరి సీటు. వెయిట్‌లిస్టులో మాత్రం నేనే మొదట.

నర్సింగ్‌కి అప్లై చెయ్యాలంటే ముందు ఈ అనాటమీ గట్టెక్కాలి. సీటు రాకపోతే వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ తోటలకి పోదామంటున్నాడు మా ఆయన రుఫీనో. వాళ్ళన్న అక్కడే ఉన్నాడు. సీటొస్తే ఇక్కడ, రాకపోతే అక్కడ. మా ఇద్దరి ఒప్పందం అది. పళ్ళ బెల్టు ముందు నిలబడి నిలబడి సగం జీవితం పోయింది. ఈ వయసులో నిచ్చెనెక్కి పళ్ళు కొయ్యడం నా వల్ల కాదు.

నియేవెస్ మొహం చిన్నబుచ్చుకుంది. నా సీటు నువ్వు తీసుకో కొమాద్రె అంది. పోవే, మార్చుకోడానికి అదేమైనా బస్సులో సీటా అన్నాను. మా అమ్మాయి అరసేలీని జ్ఞానస్నానం రోజు ఎత్తుకున్నది తనే. అప్పట్నుంచీ మేం కొమాద్రెలం, ఒక పిల్లకి ఇద్దరు తల్లులం.

జూలై 13

ఎవరో ఒకరు మానేస్తే బావుండు. దేవుణ్ణి అదే అడిగాను. ఇలాంటివి అడగొచ్చో లేదో.

ఆగస్టు 14, శనివారం

నియేవెస్ వాళ్ళాయన ఫెర్మీన్ పెరట్లో మాంసం కాల్చి అందర్నీ పిలిచాడు. పాల ట్యాంకరు నడుపుతాడు. పెళ్ళాం కాలేజీకి వెళ్తోందని మనిషి నేల మీద నిలవట్లేదు. ఎర్ర బ్యాగు కొన్నాడు దానికి. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ బ్యాగు చూపించి, ఇక మీకెవరికి జ్వరమొచ్చినా మా ఇంటికే రండి, ఫీజు మాత్రం తగ్గించం అని ఒకటే జోకులు. చర్చిలో ఫాదర్‌కి కూడా చెప్పాడట. నియేవెస్ మాత్రం ప్లేటులో మాంసం కెలుకుతూ కూర్చుంది. ఏమే, తినవేం అంటే ఆకల్లేదు అంది.

మా ఆయనదీ జోకే. నలభై మూడేళ్ళకి బడికెళ్తున్నావు, టిఫిన్ డబ్బా కట్టి మెడలో వాటర్ బాటిల్ వేసి పంపనా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది.

ఆగస్టు 16, సోమవారం

మొదటి రోజు. వెయిట్‌లిస్టు వాళ్ళం లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాం. సీటున్నవాళ్ళు రాకపోతే వాళ్ళ పేరు కొట్టేసి మా పేరు పిలుస్తారు. అదీ పద్ధతి. తలుపు చప్పుడైనప్పుడల్లా గోడ దగ్గరి మొహాలన్నీ వాడిపోయేవి. మనిషి లోపలికొస్తే ఇంత ఏడుపేమిట్రా దేవుడా అనిపించింది.

సోరెన్సన్ సారు పేర్లు పిలుస్తూ పోయాడు. అందరూ ఉన్నారు. నియేవెస్ బరాహాస్ అన్నాడు. పలకలేదు. మళ్ళీ అన్నాడు. పలకలేదు.

పొద్దున ఫోన్ చేసింది. కారు స్టార్ట్ కావట్లేదు, వస్తున్నానని సారుకి చెప్పు కొమాద్రె అంది. సారు పెన్ను ఎత్తాడు. వస్తోంది సార్, కారు చెడిపోయింది అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. పక్కన నిలబడ్డ కుర్రాడు, వెయిట్‌లిస్టులో నా తర్వాతివాడు, నీకేమైనా పిచ్చా ఆంటీ అని గొణిగాడు. సారు నన్ను ఎగాదిగా చూసి, సరే, బుధవారం దాకా ఆపుతాను అన్నాడు.

అది రాలేదు. పొద్దున్నించీ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. నన్ను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను.

ఆగస్టు 18, బుధవారం

ఇవాళా రాలేదు. నన్నేమీ అడక్కుండానే, ఇంకొక్కసారి చూస్తాను, సోమవారం ఆఖరు, ఆ తర్వాత ఎవర్నీ చేర్చుకునేది లేదు అన్నాడు సారు.

బయటికొస్తే పార్కింగ్‌లో దాని నీలం కారు. వెనక లైటు పగిలితే ఎర్ర టేపు అంటించిన కారు ఊళ్ళో ఇంకోటి లేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చునుంది. అద్దం మీద కొడితే ఉలిక్కిపడింది.

కారుకి ఏ రోగమూ లేదట. సోమవారం క్లాసు తలుపు దాకా వచ్చిందట. లోపల అందరూ పిల్లలే. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదట. అక్కణ్ణించే తిరిగొచ్చేశాను కొమాద్రె అంది. బెల్టు మీద పరిగెత్తే పీచ్ పళ్ళలో పుచ్చుది ఒక్కటి కూడా దీని చేయి దాటిపోయేది కాదు. సూపర్‌వైజర్‌కి ఎదురు తిరిగిన మనిషి. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

అడిగేశాను. వెళ్ళనప్పుడు ఆ సీటు నాకిచ్చెయ్యవే, ఇప్పుడే ఆఫీసుకెళ్ళి పేరు తీయించుకుందాం అన్నాను. ఏడ్చింది. అడుగుతావనే భయపడ్డాను అంది. పేరు తీసేస్తే ఫెర్మీన్‌కి ఏ మొహం పెట్టుకుని చెప్పను, ఊరంతా టాంటాం వేశాడు అంది. సోమవారం తప్పకుండా వస్తాను, ఒకవేళ లేటైతే ఒంట్లో బాలేదని ఈ ఒక్కసారికి చెప్పు, అరసేలీ మీద ఒట్టు అంది. నా కూతురి మీద ఒట్టేసింది. సరే చెప్తాను అన్నాను.

ఆగస్టు 22, ఆదివారం

రుఫీనో ట్రక్కులో పరుపు ఎక్కించేశాడు. వాళ్ళన్న రోజూ ఫోన్. రేపు సాయంత్రానికి తేల్చెయ్, లేకపోతే ఎల్లుండి బయల్దేరుతున్నాం అన్నాడు మా ఆయన. అరసేలీ గదిలోంచి బయటికి రాలేదు.

చర్చి బయట ఫెర్మీన్ పట్టుకున్నాడు. మీ కొమాద్రె క్లాసులో ఎలా చదువుతోంది, ఇంట్లో నోరు విప్పదేం అన్నాడు. బాగానే చదువుతోంది అన్నాను. అది మా పక్కనే నిలబడి చెప్పుల వంక చూసుకుంటోంది.

ఆగస్టు 23, సోమవారం

కారు ఉంది. నేను వెళ్ళేసరికే ఉంది. అద్దం మీద కొట్టలేదు. అది నన్ను చూసింది, చెయ్యెత్తింది. వస్తున్నా పద అన్నట్టు. నేను ఆగకుండా వెళ్ళిపోయాను.

సారు పేరు పిలిచాడు. తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, మీ స్నేహితురాలి సంగతేంటమ్మా అన్నాడు.

నాకు తెలీదు సార్ అన్నాను.

కొట్టేశాడు. హెర్లిండా సమూడియో అని పిలిచాడు. ఉన్నాను అన్నాను. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చోమన్నాడు. అక్కణ్ణించి పార్కింగ్ అంతా కనిపిస్తుంది.

ఆగస్టు 24

రుఫీనో పరుపు దించాడు. సాధించావు మొత్తానికి అన్నాడు. సంతోషంగా ఉందా అని అరసేలీ అడిగింది. తలనొప్పిగా ఉంది అన్నాను.

ఆగస్టు 26

పేరు తొలగించామని కాలేజీ వాళ్ళు నియేవెస్‌కి ఈమెయిల్ పంపారు. అది చూడదు, దానికి తెరవడం రాదు. నేను లైబ్రరీకి వెళ్ళి తెరిచాను. పాస్‌వర్డ్ దగ్గర అరసేలీ అని టైప్ చేశాను. ఆ ఈమెయిల్ చదివి డిలీట్ కొట్టాను.

చెప్పేస్తాను. తప్పకుండా చెప్పేస్తాను. ఈ వారం పోనీ.

సెప్టెంబర్ 1, బుధవారం

క్లాసున్న రోజల్లా అది ఇంకా పార్కింగ్‌లోనే కూర్చుంటోంది. ఇవాళ క్లాసు అయ్యాక కారు దగ్గరికి వెళ్ళాను, చెప్పేద్దామనే. పక్క సీటు మీది బ్యాగు తీసి వెనక పడేసి, రా కొమాద్రె కూర్చో అంది. అరటిపండు చేతిలో పెట్టింది. ఇవాళ ఏం చెప్పారో నాక్కూడా చెప్పవా, ఇంటికెళ్తే ఆయన అడుగుతాడు అంది. చర్మం గురించి చెప్పారన్నాను. నోటుపుస్తకం తీసింది. నేను చెప్తుంటే బడిపిల్లలా గుండ్రంగా రాసుకుంది. దానికి బాగానే అర్థమవుతోంది. నేను తడబడిన చోట ఆపి మరీ అడిగింది.

అసలు సంగతి చెప్పకుండానే దిగి వచ్చేశాను. నా అంత దుర్మార్గురాలు ఉండదు.

సెప్టెంబర్ 8, బుధవారం

ఇవాళ ఎముకలు. కార్లో దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటీ వేలితో చూపించాను. అన్నీ అప్పజెప్పింది, ఒక్కటీ తప్పలేదు. భయం తగ్గుతోంది కొమాద్రె, సోమవారం లోపలికి వచ్చేస్తాను అంది. నా సీటు ఉంది కదూ అని అడిగింది.

ఉంది అన్నాను. కిటికీ పక్కన.