చలికి పేరిన నూనె

ఫిబ్రవరి 3, మంగళవారం
మధ్యాహ్నం

చిరంజీవి సౌభాగ్యవతి మా కోడలికి,

మీ అత్త ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ నా మోకాళ్ళు మినహా అందరం క్షేమం. అక్కడ నువ్వు, మీ అక్క, మీ బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు. ఆయన మాట దక్కించాను కనక ఇక మామూలుగా మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది వాడి తరఫున రాయబారం కాదు. రాయమని వాడు అడగలేదు, అడిగినా రాసేదాన్ని కాదు. నా కడుపున పుట్టినంత మాత్రాన వాడు చేసిన తప్పు ఒప్పయిపోదు కదా. నువ్వు సంచి సర్దుకుని వెళుతుంటే అత్త గుమ్మంలో నిలబడి ఒక్క మాటైనా ఆపలేదేమని మీ అక్క అనుకుని ఉంటుంది. ఏమని ఆపను? నీ కుట్టుగదిలో పెట్టిన నూనె డ్రమ్ము కారి, ఊళ్ళోవాళ్ళు నమ్మి ఇచ్చిన బట్టలు తడిసి ముద్దయ్యాయి. అందులో ఆ పెళ్ళికూతురి బట్టలు కూడా ఉన్నాయి. అవి చూపించి డ్రమ్ములు తీసెయ్యమని నువ్వు అడిగితే, చలికాలం వెళ్ళాక చూద్దాంలే అన్నాడు మహానుభావుడు. వాడి పక్కన నిలబడి నిన్ను ఉండమనడానికి నాకు నోరు రాలేదు.

ఇక ఇక్కడి సంగతులు. నువ్వు వెళ్ళాక చలి బాగా ముదిరింది. పొద్దున్నే కొళాయి తిప్పితే గుర్రుమని చప్పుడే తప్ప నీళ్ళు రావు. గొట్టం మీద వేడినీళ్ళు పోసి బతిమాలుకోవాలి. ఎదురింటి టైలరమ్మ నీ గురించి అడిగింది. అక్క ఊరికి వెళ్ళిందన్నాను. ఎన్నాళ్ళకంది. మీ ఇంట్లో పాలు పొంగుతున్నట్టున్నాయి చూసుకో అన్నాను.

వ్యాను సంగతి నువ్వు అడగవు, నేను చెప్పక మానను.

ఇన్నాళ్ళూ వాడు కేంటీన్ల వెనక నుంచి వాడేసిన నూనె పట్టుకొచ్చి, గుడ్డలో వడగట్టి, డీజిలుకి బదులు వ్యానులో పోసుకుని తిరుగుతుంటే నాకు అదేదో గారడీలా ఉండేది. ఇప్పుడు నా ముక్కు కిందే జరుగుతోంది కనక వంట ఎంత వచ్చో అదీ అంత వచ్చేసింది. నీకు తెలిసిందే అయినా చెప్తాను, నేర్చుకున్న మురిపెం అనుకో. వ్యానుకి రెండు ట్యాంకులు. చిన్నదాంట్లో డీజిలు, పెద్దదాంట్లో నూనె. పొద్దున డీజిలు మీదే బయలుదేరాలి. ఇంజను వేడెక్కాక అందులోని వేడినీళ్ళు ఒక గొట్టంలో వెళ్ళి పెద్ద ట్యాంకులో నూనెని కాస్తాయి. నూనె పల్చబడ్డాక స్విచ్చి మార్చి దాని మీద నడుపుకోవాలి. ఎండాకాలంలో ఇదంతా నల్లేరు మీద నడక. చలికాలంలో మాత్రం నూనె పేరిన నెయ్యి అయిపోతుంది. దాన్ని కదిలించడమంటే, మీ మామగారు బతికున్న రోజుల్లో ఆయన్ని పొద్దున్నే నిద్రలేపడం లాంటిది.

నువ్వు వెళ్ళగానే వాడు చేసిన మొదటి పని నీ గది ఖాళీ చేయడం. డ్రమ్ములన్నీ బయటికి లాగి, నేల మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చి, సబ్బునీళ్ళతో తోమి, మళ్ళీ తోమాడు. వాసన పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇప్పుడు నీ మిషను ఒక్కటే ఉంది ఆ గదిలో. తలుపు దగ్గరగా వేసి ఉంచుతాడు.

మరి డ్రమ్ములు ఎక్కడికి వెళ్ళాయంటావా? పెరట్లో ఉంచితే రాళ్ళవుతాయని ముందుగదిలో హీటరు పక్కన పెట్టాడు. హీటరు పక్కన ఇన్నాళ్ళూ ఉన్నది నా మంచం. అది వంటింట్లోకి వచ్చింది. నా ఉన్ని దుప్పటి వ్యాను ట్యాంకుకి చుట్టాడు. “ఒక్క నెల ఓర్చుకో అమ్మా” అన్నాడు. తల్లికి చలేస్తే ముడుచుకు పడుకుంటుంది, ట్యాంకుకి చలేస్తే బండి కదలదు, అదీ వాడి తర్కం. నీ గది ఖాళీయే కదా, అందులో పడుకుంటానన్నాను. “తనొస్తే?” అన్నాడు. వస్తానని చెప్పిందా అని అడిగాను. లేదన్నాడు. అయినా మంచం మాత్రం వంటింట్లోనే ఉంది.

పోయిన బుధవారం ఏమైందో చెప్తాను.

కొండ మీది ఆసుపత్రికి ఉతికిన దుప్పట్లు తీసుకెళ్ళే రోజు. మోకాళ్ళు చూపించుకోవాలని నేనూ వ్యాను ఎక్కాను. బయలుదేరేటప్పుడు బాగానే ఉంది. కొండ ఎక్కడం మొదలుపెట్టాక డీజిలు నుంచి నూనెకి మార్చాడు. కాసేపు హాయిగా నడిచింది. రెండో మలుపు దగ్గర బండి ఆయాసపడటం మొదలైంది. నాకంటే అన్యాయంగా రొప్పింది. వాడు ఎంత తొక్కినా ముందుకు పోదు. రోడ్డు పక్కకి తీసేలోపే ఇంజను ఆగిపోయింది.

దిగి బానెట్టు ఎత్తాడు. నేను అద్దం దించి ఏమైందిరా అన్నాను. ఫిల్టరు పట్టేసిందన్నాడు. విప్పి తెచ్చి చూపించాడు. లోపలంతా తెల్లటి ముద్ద, కొవ్వొత్తి కరిగి గడ్డకట్టినట్టు. నీకు గుర్తుందా, బస్టాండు పక్కన కొత్తగా తెరిచిన కేంటీను నూనె? సీసాలో పోసి కిటికీలో పెట్టి, చూడు ఇది తెల్లగా గడ్డ కడుతోంది, ఎండలొచ్చేదాకా పక్కన పెట్టు అని నువ్వు చెప్పావు. వాడు పక్కన పెట్టలేదు. నూనె తక్కువైందని ఆ వారం అదే కలిపేశాడు.

ఇంకో ఫిల్టరు బిగించాడు. ఇంజను అంటుకుంది, ఊరించింది, మళ్ళీ ఆగింది. డీజిలుకి మార్చరా అన్నాను. మార్చాడు. చిన్న ట్యాంకు అడుగంటి ఉంది. నూనె ఉండగా డీజిలు ఎందుకని పోయించలేదట. పీనాసితనం మీ మామగారి నుంచి వచ్చింది, మా వైపు నుంచి కాదు.

ఆ మలుపులో గాలి సూదుల్లా గుచ్చుతోంది. పైకీ కిందికీ ఒక్క బండి లేదు. ఫోనులో సిగ్నలు లేదు. నా పళ్ళు టకటకలాడుతుంటే వాడు చూసి, వెనక తలుపు తీసి నన్ను దుప్పట్ల మధ్య కూర్చోబెట్టాడు. ఒక కట్ట విప్పి నాకు చుట్టాడు. అవి ఆపరేషన్ గదికి వెళ్ళేవిరా అన్నాను. “నోరు మూసుకుని కప్పుకో అమ్మా” అన్నాడు. వాడు నాతో అలా మాట్లాడటం అదే మొదలు. భయపడ్డాడని అప్పుడు తెలిసింది నాకు. చలికి కాదు, నాకేమన్నా అవుతుందని.

వాడి చేతులు నీలంగా అయిపోయాయి. స్పానరు పట్టు దొరక్క కిందపడుతోంది. నేను చూస్తూ కూర్చోలేకపోయాను. నా ఫ్లాస్కులో తాగడానికి తెచ్చుకున్న వేడినీళ్ళున్నాయి. నూనె సీసా పేరుకుంటే మనం ఏం చేస్తాం, వేడినీళ్ళలో ముంచుతాం. ఫిల్టరు మీద ఇవి పొయ్యరా అన్నాను. వాడు నా వైపు చూసి ఫ్లాస్కు తీసుకున్నాడు. ఫిల్టరుకి గుడ్డ చుట్టి, దాని మీద కొంచెం కొంచెంగా పోశాడు. ఆవిరి లేచింది.

అలా పోస్తూనే, తల పైకెత్తకుండా అన్నాడు, “తను చెప్పింది, ఆ నూనె వద్దని.”

“చెప్పింది. నేనూ విన్నాను” అన్నాను. “ఆ మాట నాకెందుకు చెప్తున్నావు? వెళ్ళి దానికి చెప్పు.”

“బండి సరిగ్గా నడిచాక వెళ్దామనుకున్నా. సగం దారిలో ఆగిపోయే బండేసుకుని తన ముందు ఎలా నిలబడను?”

“బండి బాగోలేదని వెళ్ళిందట్రా ఆ పిల్ల?”

నీళ్ళు అయిపోయాయి. ఫ్లాస్కు మూత బిగిస్తూ, “కాదు” అన్నాడు. “ఆ రోజు తను బట్టలు చూపిస్తోంది. నేను బట్టలు చూడలేదమ్మా. డ్రమ్ములోంచి నూనె ఎంత పోయిందా అని చూశాను.”

అని ముక్కు తుడుచుకున్నాడు. చలికే కావచ్చు.

ఇంజను నాలుగైదు సార్లు దగ్గి అంటుకుంది. మెల్లగా, ఎద్దుబండి కంటే మెల్లగా, ఎలాగో పైకి చేరాం. ఆసుపత్రిలో దుప్పట్లు చూసుకునే పెద్ద నర్సమ్మ మెట్ల మీదే నిలబడి ఉంది. ఆపరేషన్ కోసం ఒకాయన్ని పరగడుపున పడుకోబెట్టి, గుడ్డల కోసం చూస్తున్నారట. మన కట్ట విప్పి ఉండటం చూసి ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైంది. ఆ కట్ట తిరిగి ఉతుక్కి పంపేసింది. ఇంకోసారి ఇలా జరిగితే వేరే బండి చూసుకుంటామని మొహం మీదే చెప్పింది. వాడు తల వంచుకుని విన్నాడు. ఇంతలో మన బండి పొగ వాసన కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. ఆ పరగడుపు మనిషి, ఎవరో ఏదో వేయిస్తున్నారు, నాకూ పెట్టండి అని గొడవ. నర్సమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూనే తిట్టింది, తిడుతూనే నాకు వేడి టీ ఇప్పించింది.

నా మోకాళ్ళు చూసిన డాక్టరు, చలి తగలనివ్వకండి, వెచ్చటి గదిలో పడుకోండి అన్నాడు. మా వాడు పక్కనే ఉన్నాడు. నేల వైపు చూశాడు.

ఆ రోజు నుంచి కొన్ని మారాయి, కొన్ని మారలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. గడ్డకట్టే నూనె ఇంటికి తేవడం మానేశాడు. కొత్త కేంటీనాయనకి, ఎండలొచ్చాక కనిపిస్తానని చెప్పి వచ్చాడు. ఏ నూనె తెచ్చినా ముందు సీసాలో పోసి నీలాగే కిటికీలో పెడుతున్నాడు. చిన్న ట్యాంకు నిండా డీజిలు పోయిస్తున్నాడు. మరీ చలిగా ఉన్న పొద్దున పెద్ద ట్యాంకులో కూడా కొంచెం డీజిలు కలుపుతున్నాడు. ఫిల్టరుని వేడినీళ్ళ గొట్టం పక్కకి మార్చి బిగించాడు. బండి మళ్ళీ ఆగలేదు. నర్సమ్మ కూడా మెత్తబడింది.

ఆ పెళ్ళికూతురి ఇంటికి వెళ్ళి, కుట్టినావిడ తప్పు లేదు, తప్పు నాదే అని చెప్పి వచ్చాడు. వాళ్ళు టీ ఇవ్వలేదు, కూర్చోమననూ లేదట. గుమ్మం దగ్గరే చెప్పి వచ్చేశాడు. ఇది నాకు వాడు చెప్పలేదు, ఆ ఇంట్లో పనిచేసే ఆవిడ కూరగాయల కొట్టు దగ్గర చెప్పింది.

డ్రమ్ములు మాత్రం ముందుగదిలోనే ఉన్నాయి. షెడ్డు ఒకటి చూస్తున్నాడు, ఇంకా దొరకలేదు. నా మంచం వంటింట్లోనే ఉంది. మాట్లాడితే, ఇంకొన్నాళ్ళమ్మా అంటాడు. మారినవాడు పూర్తిగా మారడానికి కొంచెం టైము పడుతుంది కాబోలు. అంతవరకూ వేచి ఉండాల్సింది నువ్వేనని నేను అనను. నీ పని నీది, నీ కోపం నీది. ఆ కోపం న్యాయమైనదే.

మీ అక్క షాపులో నీకు పని బాగా సాగుతోందని విన్నాను. కళ్ళు జాగ్రత్త. వెలుతురు లేని చోట కూర్చుని కుట్టకు. వేళకి తిను. పిల్లలకి ముద్దులు. మీ బావకి నా నమస్కారాలు.

ఆశీస్సులతో,
మీ అత్త

తా.క. : అసలు సంగతి చెప్పకుండా ఇంత రాశాను. ఇదంతా నిన్ను వెనక్కి రమ్మనడానికే అనుకుని ఉంటావు. కాదమ్మాయీ. నేనే వస్తున్నాను. మీ అక్కతో ఫోనులో మాట్లాడాను. హీటరు పక్కన మంచం వేస్తానంది. నీకు ముందే చెప్పొద్దని నేనే ఆపాను. అడిగితే నువ్వు సరేనంటావు, మొహమాటానికి అన్నావో మనసుతో అన్నావో నాకు తెలియదు. అందుకే ఉత్తరంలో చెప్తున్నాను, వద్దనుకుంటే శనివారం లోపు ఒక్క ఫోను చెయ్యి, ఏమీ అనుకోను. ఆదివారం వాడు వ్యానులో దింపుతాడు. నేను నీతో మాట్లాడి నిన్ను వెంటపెట్టుకొస్తానని వాడి ఆశ. అలా అనుకోనిచ్చాను. నేను ఒక్క మాట కూడా మాట్లాడను, నీకు మాటిస్తున్నాను. చలి పోయేదాకా నేను తిరిగి వెళ్ళను, ఆ సంగతి వాడికి ఇంకా తెలియదు. మళ్ళీ ఆదివారం నన్ను తీసుకెళ్ళడానికి వస్తాడు. రానంటాను. ఆ పై ఆదివారమూ వస్తాడు. అమ్మ కోసం వచ్చానని చెప్పుకుంటాడు పాపం. చెప్పుకోనీ.