తీగ మీద ఖాళీ చోటు

చెల్లాయ్,

నీ కవిత అందింది. "పుస్తకంలో వేసుకోనా అక్కా?" అని అడిగావు. జవాబు చెప్పేముందు నాకొకటి తెలియాలి. వెన్నెలో సముద్రమో అయితే అర్థమయ్యేది. మా బాల్కనీలో బట్టలారేసే తీగ మీద నీకు కవిత ఎలా దొరికింది?

ఆ తీగ మీద ఎవరి చోటు వారిదే. ఈ చివర మీ బావ బట్టలు, ఆ చివర పిల్లలవి. చోటు చాలక తువ్వాళ్ళు కుర్చీ మీద వేస్తాను. అయినా మా అత్తగారు పోయాక కూడా, ఆవిడ చీర ఆరేసే చోటు మధ్యలో ఖాళీగానే వదులుతున్నానని రాశావు. నిజంగా నువ్వు రాసేదాకా నాకా సంగతి తెలియదు. రోజూ ఆరేసేది నేనైతే, చుట్టపుచూపుగా వచ్చిన నీ కంట ఎలా పడింది?

మీ బావకు చదివి వినిపించాను. "ఇదేం కవిత్వమే? రేపు మన చీపురు మీద కూడా రాస్తుందా మీ చెల్లెలు?" అని నవ్వారు.

సరే చూద్దామని, ఈ పొద్దున తువ్వాళ్ళు ఆ ఖాళీలో ఆరేశాను. కాసేపటికి వచ్చి చూస్తే, మీ బావ వాటిని తీసి మళ్ళీ కుర్చీ మీద వేస్తున్నారు.

"అక్కడ అమ్మ చీర కదే," అన్నారు, నా వైపు చూడకుండా.

కవిత వేసుకో. ఈసారి వచ్చినప్పుడు ఇల్లంతా తీరిగ్గా చూసి చెప్పు. మాకు తెలియకుండా ఇంకా ఏమేం చేస్తున్నామో తెలుసుకోవాలని ఉంది.

అక్క