లైనర్ కింది నీళ్లు

బావగారికి,

ఫోన్‌లో మీరు పూర్తిగా చెప్పనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను. అక్కకు జ్వరం తగ్గిందనుకుంటాను.

రిసార్టు కంచె బయటికి వచ్చే పైపును మీరు మూయమన్నారు. ఆడవాళ్లు అక్కడ బిందెలతో వరుస కడితే రిసార్టుకు వచ్చేవాళ్లకు బాగుండదన్నారు. మొన్న మూయించాను. అప్పటికి స్విమ్మింగ్ పూల్ కడగడానికి ఖాళీ చేసి ఉంది. తెల్లారేసరికి అడుగున పరిచిన ప్లాస్టిక్ లైనర్ గేదె వీపులా పైకి లేచింది. వానలకు కింద ఊట ఎక్కువైంది. ఆ నీరు బయటికి పోవడానికే కదా, పూల్ కింద కంకర పోసి ఆ పైపు వేయించింది. మళ్లీ తెరిపించాను. లైనర్ దిగింది కానీ ముడతలు పోలేదు.

పైపు దగ్గర బిందె నింపుకుంటున్న ఊరావిడ నాగక్కను, ఊళ్లో బోరు ఉండగా ఇక్కడికెందుకని అడిగాను.

"బోరు నీళ్లు తుప్పు వాసన సారూ. ఇవి మా నీళ్లే. మీరు తవ్విన కాడనే మా చెలిమ ఉండె. మీరు కప్పిన్రు, అది గిట్ల బయటికొచ్చింది" అంది.

చెలిమ అంటే తాగే నీళ్ల కోసం వీళ్లు చేతులతో తవ్వుకునే గుంట. మీరు ఈ భూమి కొన్నప్పుడు ఊళ్లోవాళ్లు దీన్ని చెలిమ చేను అన్నారు. మీరది స్నేహం అనుకుని రిసార్టుకు 'చెలిమి' అని పేరు పెట్టారు.

పైపు ఇక మూయను. పేరు సరిచేయడానికి కొత్త బోర్డు కూడా అక్కర్లేదు. 'మి' మీది గుడి చెరిపి తలకట్టు పెడితే చాలు. పెయింటర్‌ను రేపు రమ్మన్నాను.

మీ బావమరిది