మూడు నాణేల విషయమై

స్టీవెనేజ్, ఇంగ్లండ్, 9 మార్చి 1973

చి. మూర్తికి,

కుటుంబ విషయమై రాసే ఉత్తరంలో ముందుగా యోగక్షేమాలు విచారించడం పద్ధతి. విచారించాను.

గృహశాంతి కోసం రెండేళ్లుగా మా ఇంట్లో ప్రతి నిర్ణయాన్నీ మూడు నాణేలు ఎగరవేసి, అవి పడిన తీరుకు ప్రాచీన చైనా జోస్య గ్రంథంలో ఏ వాక్యం ఉంటే ఆ ప్రకారమే తీసుకుంటున్నాం. పోట్లాటలు ఆగాయి. మాటలు కూడా.

ఆదివారం మీ అక్క వాసంతి, "నన్ను ఉండమంటారా? నాణేలు కాదు, మీ నోటితో చెప్పండి," అంది. ఎగరవేశాను. 'వేచి ఉండుము' అని వచ్చింది. వేచి ఉన్నాను. ఆమె నాణేలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని మీ బ్రాక్‌నెల్ ఇంటికి వచ్చేసింది.

ఉదయం టీ ఇప్పటికీ రెండు కప్పుల్లోనే పోస్తున్నాను.

ఆమెను రమ్మని అడగాలా వద్దా తేల్చడానికి ఆ నాణేలు కావాలి. వాటిని పంపమని నిన్ను అడగవచ్చా అన్నది తేల్చడానికీ అవే కావాలి.

నాణేలు ఎగరవేయనిదే, ఈ ఉత్తరంతో సహా, ఈ ఇంటి నుంచి ఏదీ పోస్టు చేయరాదు. ఈ నిబంధన అంతిమం.