ఎనిమిది సెకన్లు

2 సెప్టెంబర్ 2007, నంద్యాల

నా భార్య సిరి పోయి నవంబర్ పద్నాలుగుకు ఏడాది. ఈరోజు ఆమె కంప్యూటర్ తెరిచాను. పీఎస్‌పీ కూడా బయటికి తీశాను. చేతిలో పట్టే గేమ్ మిషను. సిరి దాంట్లో గేమ్స్ ఆడింది లేదు. సొంతంగా ప్రోగ్రాం రాస్తుండేది, వాళ్లమ్మ జీవమ్మ కోసం.

జీవమ్మకు నీటికాసులతో చూపు పోయింది. టేపులో ఏ పాట ఎక్కడుందో వెతుక్కోలేదు. ఇందులో ఒక్కో బటన్‌కు ఒక్కో పాట. అన్నీ సిరే పాడి రికార్డు చేసింది.

ప్రోగ్రాం సగంలో ఆగింది. బటన్ నొక్కితే పాట రాదు. మిషను బిగుసుకుపోతుంది. బ్యాటరీ ఊడదీయాల్సిందే.

నేను బోటనీ లెక్చరర్‌ని. సి లాంగ్వేజ్ రాదు. నేర్చుకుంటాను.

9 సెప్టెంబర్

సిరి అన్న ఎలీషా ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేశాడు. జ్ఞాపకార్థ కూడిక అక్కడే, వాళ్లింట్లో. నేను చేస్తున్న పని చెప్పాను.

"సచ్చిపోయినామె గొంతు ఇనిపిచ్చి అమ్మను ఏడిపిచ్చాల్నా బావా? ఆ ఆటబొమ్మ ఈడికి తేవాకు."

తెస్తానన్నాను. పెట్టేశాడు.

23 సెప్టెంబర్, ఉదయం 5:30

ఆరింటికి కరెంటు పోతుంది. అరగంట ఉంది.

సిరి నోట్‌బుక్ ప్రకారం ప్రోగ్రాంలో మూడు థ్రెడ్లు. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాంలో విడిగా నడిచే పని. ఒకటి బటన్లు చూస్తుంది. ఒకటి పాట వాయిస్తుంది. ఒకటి హోమ్ బటన్ కోసం కాచుకుంటుంది, నొక్కితే ప్రోగ్రాం మూస్తుంది. ప్రతిదాన్నీ ముందు క్రియేట్ చేయాలి. పేరు, ప్రయారిటీ, ఎంత మెమరీ కావాలో చెప్పాలి. తర్వాత విడిగా స్టార్ట్ చేయాలి. క్రియేట్ చేసినంత మాత్రాన నడవదు.

అన్నీ చేసే ఉంది. అయినా పాట రాదు.

30 సెప్టెంబర్

పాట థ్రెడ్‌కు ప్రయారిటీ సంఖ్య పెంచాను. లాభం లేదు.

7 అక్టోబర్

తప్పు నాదే. ఇక్కడ చిన్న సంఖ్యదే ముందు.

14 అక్టోబర్, ఉదయం 5:50

దొరికింది. బటన్లు చూసే థ్రెడ్ ముందుంది. అది క్షణం కూడా ఆగకుండా తిరుగుతోంది. ముందున్నది ఆగితే తప్ప ఈ మిషను వెనకదానికి వంతు ఇవ్వదు. లూప్‌లో ఒక్క లైను కలిపాను, ప్రతి చుట్టుకూ పది మిల్లీసెకన్లు ఆగమని.

సిరి గొంతు వచ్చింది. ఒక లైను విని ఆపేశాను. చర్చికి పోయాను.

21 అక్టోబర్

ఇంకో తప్పు ఉంది. ఒక లైను పాడాక పాట ఆగిపోతోంది. మళ్లీ ఇంకో లైను. మళ్లీ ఆగుతోంది. చూస్తే పాట థ్రెడ్‌లో లైనుకు లైనుకు మధ్య డిలే పెట్టి ఉంది. ఎనభై లక్షల మైక్రోసెకన్లు. ఎనిమిది సెకన్లు. టెస్టింగ్‌కు పెట్టి మరిచిపోయి ఉంటుంది. ఆ లైను పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని ఉంది. ప్రోగ్రామే అమ్మకు కదా అనుకున్నాను.

తీసేశాను. పాట ఎక్కడా తెగకుండా వస్తోంది.

28 అక్టోబర్

ఎలీషా మళ్లీ ఫోన్. సంఘ పెద్దలు కూడా ఒప్పుకోరట. కూడిక నా భార్యది అన్నాను.

4 నవంబర్, ఆళ్లగడ్డ

ఆదివారం. ఎలీషా చర్చికి పోయాడు. జీవమ్మ దగ్గుతో ఇంట్లోనే ఉంది. పీఎస్‌పీ ఆమె చేతుల్లో పెట్టి, వేలు పట్టి బటన్ చూపించాను.

కూతురి గొంతు విని జీవమ్మ ఏడవలేదు. నోరు తెరిచింది. పాట ముందుకు పోయింది. మళ్లీ తెరిచింది. మళ్లీ పోయింది. మిషను నా ఒళ్లోకి తోసేసింది.

"ఎవరు తరుముతాండారు నాయనా దాన్ని? నా వంతు యాడ?"

తర్వాత చెప్పింది. ఆమెకు చదువు రాదు. ఆ వీధిలో చాలామందికి రాదు. సిరి తొమ్మిదేళ్ల నుంచే పుస్తకం చూసి ఒక్కో లైను పాడేదట. చర్చంతా వెనక పలికేదట. అమ్మకు వచ్చిన పాటలన్నీ అట్లా వచ్చినవే.

మా నంద్యాల చర్చిలో అందరి చేతుల్లో పుస్తకాలుంటాయి. కలిసి పాడతాం. ఆ ఎనిమిది సెకన్లు నాకు ఖాళీగానే కనిపించాయి.

పన్నెండు గంటల బస్సు ఎక్కాను.

5 నవంబర్

ఆ లైను మళ్లీ రాశాను. పక్కన అమ్మ అని కూడా.

14 నవంబర్, ఆళ్లగడ్డ

ఎలీషా వసారాలో ఆపి సంచిలో అది ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అడ్డం నిలబడ్డాడు. లోపల్నుంచి జీవమ్మ గొంతు వినబడింది.

"అల్లుణ్ణి రానీయప్పా. నా బిడ్డ పాట చెప్తాది. మనం ఎనకాల పలుకుదాం."

స్పీకర్ చిన్నది. అందరూ దగ్గరికి జరిగారు. సిరి ఒక లైను పాడింది. ఆగింది. గదంతా పలికింది. పెద్దలు కూడా. ఎలీషా పాట అయ్యేదాకా లోపలికి రాలేదు. బయటికీ పోలేదు.

నేను పలకలేదు. బ్యాటరీ గుర్తు చూస్తూ కూర్చున్నాను.

బయల్దేరేటప్పుడు జీవమ్మ చేయి పట్టుకుంది. గుక్క అందలేదట.

"ముసల్దాన్నయినా. ఇంకొంచేపు ఆగమను దాన్ని."

15 నవంబర్, నంద్యాల, ఉదయం 5:40

డిలే తొంభై లక్షలు. కంపైల్ అయింది.